ఇక్కడ తప్ప ఎక్కడా లేనివి

మస్కట్‌లో మేముండే వీధిలో సాయంత్రమైతే నాలుగైదు గుమ్మాల నుంచి లుబాన్ పొగ వస్తుంది. నేను దాన్ని సాంబ్రాణి అంటాను. ఆరో తరగతి చదివే మా అమ్మాయి లుబాన్ అంటుంది. ఈ ఒక్క మాట మీద మా ఇంట్లో వారానికోసారి తగువు.

మొన్న బడిలో దానికి ఒక పని అప్పజెప్పారు. ప్రపంచంలో మరెక్కడా లేకుండా ఒక్క ఒమన్‌లోనే ఉండే అయిదు ప్రాణులు, మొక్కల పేర్లు రాసుకురావాలి. అయిదు నిమిషాల పని అనుకున్నాను. పది రోజులు పట్టింది.

మొదట ఓరిక్స్ రాసింది. తెల్లటి ఒళ్లు, కత్తుల్లాంటి కొమ్ములు, చూడగానే ఒమన్ గుర్తొచ్చే జంతువు. 1972 నాటికి ఇక్కడి జిద్దత్ అల్ హరాసీస్ ఎడారిలో వేటగాళ్లు దాన్ని పూర్తిగా తుడిచిపెట్టేశారు. బోనుల్లో పెంచిన మందల నుంచి తెచ్చి 1982లో మళ్లీ అక్కడే వదిలారు. కథ బాగానే ఉంది కానీ ఓరిక్స్ సౌదీలోనూ ఉంది. కొట్టేసింది.

తర్వాత హజర్ పర్వతాల్లో తిరిగే తార్, అంటే ఒకరకం కొండమేక. దాని శాస్త్రీయ నామం చదువుతూ, "అమ్మా, ఇందులో జయకర్ అని ఉంది, మనవాళ్లెవరో!" అని గదిలోంచి కేక వేసింది. నిజమే. ఆత్మారామ్ సదాశివ్ జయకర్ అనే భారతీయ వైద్యుడు 19వ శతాబ్దం చివర్లో మస్కట్‌లో చాలా ఏళ్లు పనిచేశాడు. రోగులను చూస్తూనే చేపలు, పాములు, బల్లులు సేకరించి లండన్‌కు పంపేవాడు. ఈ కొండమేకకు 1894లో ఆయన పేరు పెట్టారు. ఒక సముద్రగుర్రానికి, ఒక ఇసుకపాముకు, ఒక కొండబల్లికి కూడా ఆయన పేరే ఉంది. అది చాలదన్నట్టు ఒమనీ సామెతలు కూడా పోగుచేశాడు. ఇన్నేళ్లు ఇక్కడే ఉండి నేను పోగుచేసినవి బంగారం కొట్టు రసీదులు. సరే, ఆ మేక కూడా సరిహద్దు దాటి ఎమిరేట్స్ వైపు కొండల్లోకి వెళ్తుంది. అదీ పోయింది.

గుడ్లగూబ దగ్గర మాత్రం ఇద్దరం మూడు రోజులు ఆగిపోయాం. 2013లో పక్షుల కూతలు రికార్డు చేసేవాళ్లు కొందరు హజర్ కొండల్లో రాత్రిపూట మైకులు పెట్టుకుని కూర్చుంటే, ఎప్పుడూ వినని కూత ఒకటి వినిపించింది. పక్షిని పట్టలేదు, చంపలేదు. కూతనూ ఫోటోలనూ బట్టే అది కొత్త జాతి అన్నారు, ఒమన్ గుడ్లగూబ అని పేరు పెట్టారు. మా అమ్మాయి ఎగిరి గంతేసి ఎర్ర స్కెచ్‌పెన్‌తో రాసేసింది. తీరా తర్వాతి పేజీ తిప్పితే, 2015లో జన్యు పరీక్షలు చేసినప్పుడు ఇది కొత్తదేమీ కాదని తేలిందట. ఇప్పటి పాకిస్తాన్‌లోని మక్రాన్ తీరంలో దొరికిన ఒక గుడ్లగూబకు 1878లోనే పేరు పెట్టారు. ఇంగ్లండ్‌లోని మ్యూజియంలో భద్రంగా ఉన్న ఆ పక్షి, ఈ పక్షి ఒకటే. ఆ పేరు పెట్టినది ఏ.ఓ. హ్యూమ్, కాంగ్రెస్ స్థాపనలో ముఖ్యుడిగా మనం చరిత్ర పుస్తకంలో బట్టీ పట్టిన హ్యూమే! ఆయనకు పక్షుల పిచ్చి ఉండేదని నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. ఆ గుడ్లగూబ ఇరాన్‌లోనూ కనబడింది కాబట్టి, ఎర్ర అక్షరాల మీద నల్లగీత పడింది.

"ఈ దేశంలో సొంతవి ఏమీ లేవా?" అని విసుక్కుంది.

అప్పుడు అల్ హూతా గుహ గుర్తొచ్చింది. జబల్ అఖ్దర్ కొండల దక్షిణపు అంచున, అల్ హమ్రా దగ్గర ఉంది. రెండేళ్ల క్రితం వెళ్లాం. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల చెమ్మ, మసక దీపాలు. నీళ్లలో వేలెడంత చేపలు, ఒంటికి రంగే లేదు, లోపలి రక్తం కనిపించి లేతగులాబీగా ఉన్నాయి. కళ్లుండాల్సిన చోట నున్నటి చర్మం. పిల్లగా ఉన్నప్పుడు కళ్లుంటాయట, పెరిగేకొద్దీ వాటి మీద చర్మం కప్పేస్తుంది. మా అమ్మాయి అప్పుడు కటకటాల మీదికి వంగి చెయ్యి ఊపింది. చూడలేవే అంటే, "అయినా ఊపితే తప్పేముంది?" అంది. కళ్లు లేని ఆ రకం చేప ఈ కొండ గుహల్లో తప్ప లేదు. నికరంగా ఒకటి దక్కింది.

ఆ తర్వాత దొరికిన రెండూ బల్లులు. ఒకటి జబల్ అఖ్దర్ మీదిది, రెండోది మసీరా దీవిలో మాత్రమే ఉండేది. 2012 దాకా దానికి వేరే పేరైనా లేదు. ఆ సాయంత్రం మా అమ్మకు ఫోనులో ఈ సంగతి చెబితే ఆవిడకు శాస్త్రం పట్టలేదు. "బల్లులతో ఆడుకుంటోందా? మీద పడితే ఫలమేమిటో పంచాంగంలో చూడండి" అంది.

చివరికి లుబాన్. దక్షిణ ఒమన్‌లోని ధోఫార్‌లో పుట్టే చెట్టు, మేలురకం జిగురు అక్కడిదే అంటారు. కానీ యెమెన్‌లోనూ సోమాలియాలోనూ అదే చెట్టు ఉంది. గీత గీయబోతూ ఆగి, "అమ్మా, నువ్వు తిరుపతికి ఎన్నిసార్లు వెళ్లావు?" అని అడిగింది.

"లెక్కలేదు."

"దీని చుట్టపు చెట్టు ఒకటి శేషాచలం కొండల్లో, ఆ చుట్టుపక్కల తప్ప ఎక్కడా లేదట. చూశావా?"

చూడలేదు. దాన్ని కొండగుగ్గిలం అంటారని మా అమ్మాయి పక్కన కూర్చునే తెలుసుకున్నాను. మన కొట్లలో సాంబ్రాణి పేరుతో దొరికేది అసలు వేరే చెట్టు జిగురని, సుమత్రా వైపు నుంచి వచ్చేదని కూడా అప్పుడే తెలిసింది. కాబట్టి వారంవారం తగువులో అది గెలిచింది. నేనింకా సాంబ్రాణి అనే అంటున్నాననుకోండి.

"మరి మీ కడపలో మాత్రమే ఉండేది ఏమిటి?"

"కారం దోసె."

"ప్రాణి అడిగాను."

ఊరు మరిచిపోకు, భాష మరిచిపోకు అని రోజూ దానికి చెప్పేదాన్ని నేనే. నోట మాట రాలేదు. అదే వెతికింది. కలివి కోడి. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న పక్షి 1986లో మా జిల్లాలో, లంకమల అడవుల దగ్గర మళ్లీ కనిపించింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. కలివి పొదలు నాకు తెలుసు. బడి ఎగ్గొట్టి ఆ పళ్లు కోసుకుని, గౌను నిండా ముళ్లు గుచ్చుకుని ఇంటికి వచ్చేదాన్ని. కోడి సంగతే తెలియదు.

జాబితాలో అయిదుకు మూడే మిగిలాయి. కొట్టేసినవాటిని చెరపకుండా గీతలతో సహా అలాగే ఇచ్చింది.

శుక్రవారం సిద్ధవటంలోని మా నాన్నకు ఫోను కలిపి, నాకంటే ముందు అదే అందుకుంది.

"తాతా, కలివి కోడిని చూశావా?"

"పేరు విన్నానమ్మా. రాత్రిళ్లు తిరుగుతుందంటారు. మనకెక్కడ కనబడుతుంది?"

"కనబడనక్కర్లేదు. ఎలా కూస్తుందో వింటే చాలు. సెలవులకు వస్తాను, రాత్రిపూట తీసుకెళ్తావా?"

అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత, "టార్చిలైట్‌కు బ్యాటరీలు లేవే" అన్నాడు మా నాన్న.