మా అమ్మాయి వదిలేస్తానన్న భాష

"ఆఫ్రికాన్స్ నేర్చుకుంటాను. అరబిక్ మాత్రం ఇక ముట్టుకోను" అని మా అమ్మాయి తేల్చి చెప్పింది. కోపం కూడా లేదు, లెక్క అప్పజెప్పింది. షార్జాలో ఉన్నాం కాబట్టి అరబిక్ చదివాను, కేప్‌టౌన్‌లో ఉన్నాం కాబట్టి ఆఫ్రికాన్స్ చదువుతున్నాను, ఎక్కడుంటే అక్కడి భాష, పాతదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు? ఇదంతా ఇంగ్లీషులోనే. ఆ లెక్కలో తెలుగు ఎక్కడుందో నేను అడగలేదు. వచ్చే జవాబు వినడానికి ధైర్యం చాలలేదు.

ఎమిరేట్స్‌లోని ప్రైవేటు బడుల్లో అరబ్బులు కాని పిల్లలకూ అరబిక్ తప్పనిసరి. మా అమ్మాయి ఒకటో తరగతి నుంచే దిద్దింది. ఇక్కడ దక్షిణాఫ్రికాలో ఆమె బడిలో ఇంగ్లీషుతో పాటు, డచ్చి నుంచి పుట్టిన ఇక్కడి భాష ఆఫ్రికాన్స్ చదవాలి. అరబిక్ ఊసే లేదు. అయినా శనివారం ఒక గంట అరబిక్ పుస్తకం తీయాల్సిందేనని నేను పట్టుబట్టాను. షార్జాలో ఉన్నన్నాళ్లూ ఆ అరబిక్ హోంవర్క్ తెలుగుకు దక్కాల్సిన సమయాన్ని తినేస్తోందని సణిగింది కూడా నేనే. మా వారు ఈ సంగతి గుర్తు చేస్తే నా దగ్గర సమాధానం లేదు. పిల్ల కష్టపడి సంపాదించుకున్నది చేజారిపోతుంటే చూస్తూ కూర్చోలేను, అంతే.

పిల్ల వైపు నుంచి చూస్తే న్యాయం లేకపోలేదు. హోంవర్క్ బల్ల మీద రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆఫ్రికాన్స్ వైపు: ఎక్ వెర్క్, యెయ్ వెర్క్, హెయ్ వెర్క్, ఓన్స్ వెర్క్. నేను, నువ్వు, అతను, మేము, ఎవరు పనిచేసినా క్రియ కదలదు. నామవాచకాలకు లింగం లేదు. అరబిక్ వైపు: కతబ అంటే అతను రాశాడు, కతబత్ అంటే ఆమె రాసింది, నువ్వు మగవాడివైతే కతబ్‌త, ఆడదానివైతే కతబ్‌తి, ఇద్దరే రాస్తే దానికి మళ్లీ వేరే రూపం. ఏకవచనం, బహువచనం చాలక మధ్యలో ద్వివచనం. సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం. ఒక పుస్తకం కితాబ్, చాలా ఉంటే కుతుబ్, మాట లోపలే మారిపోతుంది. పైగా మామూలు రాతలో హ్రస్వాచ్చులు రాయరు. మాట ముందే తెలిసి ఉంటేనే చదవగలం. బడిలో నేర్పిన అరబిక్ ఒకటి, షార్జా దుకాణంలో వినిపించేది మరొకటి.

ఆఫ్రికాన్స్‌లో ఆమెకు వింతగా తోచింది 'కాదు' అనడమొక్కటే. ఆ మాటను చాలా వాక్యాల్లో రెండుసార్లు చెప్పాలి. "ఎక్ ప్రాట్ నీ అరాబీస్ నీ" అని ఇల్లంతా వినిపించేలా వల్లె వేసింది. నేను అరబిక్ మాట్లాడను అని అర్థం. ఉదాహరణ కావాలనే ఎంచుకుందని నాకు తెలుసు.

అయితే ఆఫ్రికాన్స్ టీచరు ఆమెను మెచ్చుకున్నది అరబిక్ వల్లనే. ఆఫ్రికాన్స్‌లో 'గ'ను గొంతు లోపలి నుంచి గరగరమని పలకాలి. "ఖూయె మోరె" అని శుభోదయం చెప్పడానికి కొత్తగా వచ్చిన పిల్లలు తంటాలు పడతారు. షార్జాలో 'ఖుబ్జ్' అని రొట్టె అడిగి అడిగి పండిన గొంతు కాబట్టి మా అమ్మాయికి మొదటి రోజే వచ్చేసింది. చూశావా, ఏదీ వృథా పోదు అన్నాను. "గొంతు నాదేగా అమ్మా, పుస్తకం చదవకపోతే ఎక్కడికి పోతుంది" అంది.

ఆ వాదన అలా సాగుతుండగానే పక్కింటి ఆంటీ ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించారు. ఆవిడ పుట్టిల్లు బో-కాప్, కేప్‌టౌన్‌లోని పాత ముస్లిం పేట. టేబుల్ మౌంటెన్ కనిపించే ఆ రంగురంగుల ఇళ్ల వీధుల్లోనే వాళ్ల తాతగారు మదర్సాలో చదువుకున్నారట. కాగితం గోధుమరంగుకు తిరిగింది. కుడి నుంచి ఎడమకు నల్లసిరాతో అరబిక్ అక్షరాలు, వాటి పైనా కిందా అచ్చుల గుర్తులు. మా అమ్మాయి వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. "వా... తర్..." ఆగింది. మళ్లీ చదివింది. "ఇది అరబిక్ కాదు, ఆఫ్రికాన్స్! నీళ్లు!" అని అరిచింది. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే పద్ధతి గురించిన పాఠం అది. నాకు ఒక్క అక్షరం తెలియదు. పక్కన కూర్చుని ఆమె ముఖం చూస్తూ ఉండిపోయాను.

డచ్చివాళ్లు 1652లో కేప్‌లో దిగాక ఇండోనేషియా దీవుల నుంచి, బెంగాల్, మలబారు, కోరమాండల్ తీరాల నుంచి బానిసలను ఓడల్లో తెచ్చారు. వాళ్ల నోళ్లలో, యజమానుల నోళ్లలో, ఇక్కడి ఖోయి జాతి వాళ్ల నోళ్లలో నలిగి డచ్చి భాష ఆఫ్రికాన్స్ అయింది. పెద్దమనుషులు దాన్ని వంటింటి భాష అని చిన్నచూపు చూశారు. ముస్లిం పిల్లలకు మాత్రం మదర్సాల్లో మతపాఠాలు ఆ భాషలోనే చెప్పేవారు. వాళ్లకు చేతనైన లిపి అరబిక్, కాబట్టి ఆ లిపిలోనే రాసుకున్నారు. లేని ధ్వనులకు చుక్కలు చేర్చి అక్షరాలు కల్పించుకున్నారు. టర్కీ ఒట్టోమన్ సుల్తాను పంపగా కేప్‌కు వచ్చిన అబూబక్ర్ ఎఫెండి ఇక్కడి భాష నేర్చుకుని అరబిక్ లిపిలో 'బయానుద్దీన్' అనే పుస్తకం రాశారు. 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. అచ్చుల గుర్తులతో సహా రాశారు కాబట్టి ఆనాటి కేప్ ముస్లింలు ఏ మాట ఎలా పలికేవారో పండితులు దాన్ని బట్టే పట్టుకోగలిగారు. ఆఫ్రికాన్స్‌కు గౌరవం కావాలంటూ పార్ల్ ఊళ్లో తెల్లవాళ్లు సంఘం పెట్టింది 1875లో. అది అధికారభాష అయింది 1925లో.

ఆ తర్వాతి కథ నా పంతానికి నేరుగా తగిలింది. వంటింటి భాష అనిపించుకున్న అదే భాషను వర్ణవివక్ష ప్రభుత్వం నల్లజాతి పిల్లల బడుల్లో బోధనాభాషగా రుద్దింది. 1976 జూన్ 16న జొహానెస్‌బర్గ్ పక్కనున్న సొవేటోలో పిల్లలు వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్చారు. ఆ రోజు ఇప్పుడు ఇక్కడ యువజన దినం, బడికి సెలవు. ఆ సంగతులు నాకు చెప్పింది మా అమ్మాయే, బడిలో విని వచ్చి. చెప్పి, నా వైపు చూసి, ఇక ఏమీ అనలేదు. తల్లి పెట్టే శనివారపు గంటకూ తుపాకులకూ పోలిక లేదని నాకు తెలుసు. అయినా ఆ చూపు మనసులోంచి పోవడం లేదు.

కోరమాండల్ తీరం అంటే మచిలీపట్నం, భీమునిపట్నం కూడా. డచ్చివాళ్లకు అక్కడ స్థావరాలుండేవి. కేప్ దస్తావేజుల్లో పేరు చివర 'ఫన్ కోరమాండల్', అంటే కోరమాండల్ నుంచి వచ్చిన, అని రాసి ఉన్న బానిసలు కనిపిస్తారు. వాళ్లలో మన మాట మాట్లాడినవాళ్లుంటే, అది వాళ్ల బిడ్డలకైనా చేరిందా అని రాత్రిళ్లు ఆలోచిస్తుంటాను. డర్బన్ సంగతి వేరు. 1860 నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు అక్కడి చెరకు తోటలకు కూలికి వచ్చారు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఈ దేశ రాజ్యాంగం ఆరో సెక్షన్ గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగును పేరు పెట్టి చెబుతుంది, మతావసరాలకు వాడే భాషగా అరబిక్‌నూ అక్కడే చెబుతుంది. అది చదివి పొంగిపోయాను. కానీ నేను డర్బన్‌లో కలిసిన తెలుగువాళ్లు కీర్తనను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని ఒక్క పదం తప్పకుండా పాడారు, ఆ తర్వాత అన్నం పెట్టుకుంటూ మాట్లాడుకున్నది ఇంగ్లీషు.

ఇన్నాళ్లూ నా పట్టుదలంతా అక్షరాల మీదే. అమ్మమ్మకు మా అమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపబోతే ఆపి, అఆలతోనే రాయమనేదాన్ని. ఆంటీ నోటుపుస్తకం చూశాక ఆపడం మానేశాను. ఇతర తల్లిదండ్రులు అడిగితే, లిపి కోసం పిల్లలతో గొడవపడకండి, ముందు మాట బతకనివ్వండి అని చెబుతున్నాను. చెబుతూనే డర్బన్ గుర్తొస్తుంది. బో-కాప్‌లో అక్షరాలు అరువువే, డర్బన్ కీర్తనకూ అరువువే. బో-కాప్ వాళ్లు ఆ భాషలోనే బేరమాడారు, తిట్టుకున్నారు, పిల్లలను నిద్రపుచ్చారు. వాళ్ల చుట్టూ ఒక ఊరు ఉంది. మా చుట్టూ ఉన్నది నేనూ మా వారూ, వారానికొకసారి ఫోనులో అమ్మమ్మ. ఇంతమాత్రానికి మాట నిలుస్తుందా? లిపి కూడా వదిలేస్తే రేపు ఆమెకు మళ్లీ తెలుగులోకి రావడానికి ఏ దారి ఉంటుంది?

శనివారపు గంట సంగతి ఇంకా తేలలేదు. అరబిక్ ఆపి ఆ గంట తెలుగుకు ఇవ్వమంటారు మా వారు. లెక్కకు అదే సబబు. కానీ మా వీధిలో ఆ పాత నోటుపుస్తకం చదవగలిగేది మా అమ్మాయే. ఆంటీ మిగతా పేజీలు కూడా చదివి పెట్టమని అడిగారు, ఆమె సరేనంది. అరబిక్ పాఠ్యపుస్తకం మాత్రం తెరవనంటోంది.