క్లాసెన్ పేరున్న జెర్సీ

మావాడికి సన్‌రైజర్స్ పిచ్చి. పుట్టింది డాలస్‌లో. హైదరాబాద్‌లో గడిపిన సెలవులన్నీ కలిపినా మూడు నెలలు దాటవు. అయినా నారింజ జెర్సీ వెనక, ఆ జట్టుకు ఆడే దక్షిణాఫ్రికా బ్యాటర్ క్లాసెన్ పేరు వేయించుకున్నాడు. దాన్ని తిరగేసి ఉతకాలి, లేకపోతే అక్షరాలు ఊడిపోతాయని నాకు ఆర్డర్.

2025 మే 25న క్లాసెన్ కోల్‌కతా మీద 37 బంతుల్లో సెంచరీ కొట్టాడు. పట్టుమని పది రోజులు కాకముందే, 33 ఏళ్లకే, దక్షిణాఫ్రికాకు ఇక ఆడనని ప్రకటించాడు. ఇంటివాళ్లతో ఎక్కువ సమయం గడపాలట. సన్‌రైజర్స్ ఇచ్చే 23 కోట్లు గుర్తొచ్చి, అన్నం వడ్డిస్తూ అనేశాను: "డబ్బు కోసం దేశాన్ని వదిలేశాడు చూడు."

వాడు పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ, "నువ్వూ జాబ్ కోసమే కదమ్మా వచ్చావ్?" అన్నాడు. ఎదురు చెప్పడం కాదు, నిజంగానే అడిగాడు. మా ఆయన నవ్వు దాచుకోవడానికి మంచినీళ్ల వంకతో లేచాడు.

పాతికేళ్లు చదివించిన దేశాన్ని జీతం కోసం వదిలొచ్చినదాన్ని, క్లాసెన్‌ను అనడానికి నాకేం హక్కుంది? కోహ్లీతో పోల్చడమూ న్యాయం కాదు. మన బోర్డు దగ్గర డబ్బుంది, ఆడుతున్న మనవాళ్లను విదేశీ లీగులకు పంపదు. వెస్టిండీస్‌కు ఆ బలం ఏదీ? 2025 జూన్‌లోనే వాళ్ల బ్యాటర్ పూరన్ కూడా 29 ఏళ్లకే దేశం తరఫున ఆడటం నుంచి తప్పుకున్నాడు. దేశానికి ఆడితే నాకూ సంతోషమే. ఆడనన్నవాణ్ణి ద్రోహిలా చూడటమే ఇక నావల్ల కాదు.

అసలు దేశం అంటే మావాడికి ఏది? 2024 జూన్ 12న న్యూయార్క్‌లో ఇండియా, అమెరికా ఆడాయి. 2010లో ఇండియా అండర్-19కి ఆడిన సౌరభ్ నేత్రావల్కర్ ఇప్పుడు అమెరికా బౌలర్, పైగా ఒరాకిల్‌లో ఇంజినీరు. కోహ్లీని మొదటి బంతికే ఔట్ చేశాడు. మావాడు ఎగిరి గంతేసి, నా మొహం చూసి మెల్లగా సోఫాలో కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నాకు నచ్చలేదు. మ్యాచ్ ఇండియాయే గెలిచింది, కానీ నాకు గుర్తున్నది అదే.

క్లాసెన్ ఇక్కడి అమెరికా లీగులో సియాటిల్ టీమ్ తరఫున మా పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో ఆడతాడని తెలిసి టికెట్లు కొన్నాం. బయల్దేరేముందు జెర్సీ ఇంకా తడిగానే ఉంది. డ్రయ్యర్‌లో వేస్తే పేరు పోతుందని, తడిదే తొడుక్కుని కారెక్కాడు.