ఉప్పుగాలి ఊళ్లలో పాత ఫోర్‌వీల్ పికప్: ముందు బండి కిందికి దూరండి

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, ఉదయగిరి దిక్కున కొండదారుల్లో డబుల్ క్యాబిన్ ఫోర్‌వీల్ పికప్ చేసే పని వేరే బండి చెయ్యలేదు. అయిదుగురు కూర్చోవాలి, వెనక మేత బస్తాలో ఏరియేటర్ మోటారో పడాలి, వానపడ్డ చవుడు గట్టు మీద కూడా బండి జారకుండా బయటికి రావాలి. కొత్తదాని ధర అందరికీ అందదు కాబట్టి పాతబండి వెతుకుతాం. వెతికేటప్పుడు రంగు చూస్తాం, టైర్లు చూస్తాం, మీటరు చూస్తాం, ఇంజను స్టార్ట్ చేసి చెవి ఒగ్గి వింటాం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ వరస తిరగెయ్యాలి. ముందు ఛాసిస్, తర్వాత ఫోర్‌వీల్, ఇంజను ఆ తర్వాతే. ఇంజను పాడైతే నెల్లూరులోనో ఒంగోలులోనో విప్పించి బోర్ చేయించుకోవచ్చు. ఉప్పు తినేసిన ఛాసిస్‌కి అతుకులు వేయించడమే తప్ప మళ్లీ పాత బలం రాదు.

సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి నాలుగైదు రకాలే. బొలెరో క్యాంపర్‌కి సామాను, మెకానిక్ ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతారు, గతుకులకు నడుము మాత్రం పడుతుంది. స్కార్పియో గెటవేలో 2.2 లీటర్ల ఎంహాక్ ఇంజను స్కార్పియోదే కాబట్టి ఇంజను సామానుకి ఇబ్బంది లేదు. బండి తయారీ ఆగిపోయింది గనక వెనక బాడీ సామాను కోసమే తిరగాల్సి వస్తుంది. టాటా జెనాన్ ఎక్స్‌టీ చవగ్గా వస్తుంది, దాని ఫోర్‌వీల్ స్విచ్చి పనిచేస్తేనే ముట్టుకోండి. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ 2016 నుంచి మన పక్కనే తడ దగ్గర శ్రీసిటీలో తయారవుతోంది. మొదట వచ్చింది 2.5 లీటర్ల ఇంజను, అయిదు గేర్లు. 2021లో బీఎస్6 (కొత్త పొగ నియమాలు)తో 1.9 లీటర్ల ఇంజనుకి మారింది. టయోటా హైలక్స్ 2022లో వచ్చింది, 2.8 లీటర్ల ఇంజను, పాతదైనా ధర దిగదు. మా మాట అడిగితే గట్టు పనికే అయితే ఫోర్‌వీల్ క్యాంపర్, ఇంటికీ పొలానికీ ఒకే బండి కావాలంటే 2.5 లీటర్ల వీ-క్రాస్.

చూడ్డానికి ఒకేలా ఉండే టూవీల్ డ్రైవ్ బండ్లు చాలా ఉన్నాయి. క్యాంపర్లలో ఎక్కువ భాగం అవే. ఇసుజు హై-ల్యాండర్ కూడా టూవీలే, వీ-క్రాస్‌లో సైతం టూవీల్ ఆటోమేటిక్ ఒకటి ఉంది. స్టిక్కర్ నమ్మొద్దు. ముందు బంపర్ కింద వంగి చూస్తే రెండు చక్రాల మధ్య గుండ్రటి డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల డబ్బా) ఉండాలి, దానికి వెనక నుంచి జాయింట్ షాఫ్ట్ వచ్చి కలవాలి. అది లేకపోతే బండి ఫోర్‌వీల్ కాదు.

ఇక ఛాసిస్. బండి చూసే రోజున కడగవద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. వాటర్ సర్వీసింగ్ ర్యాంపు మీదికి ఎక్కించి, టార్చి, పాత స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి పట్టుకుని కిందికి దూరండి. పికప్ ఛాసిస్ పట్టీలు లోపల బోలుగా, పెట్టెలా ఉంటాయి. గట్ల మీది ఉప్పుబురద సందుల్లోంచి లోపలికి పోయి, అడుగునుండే నీళ్ల రంధ్రాలు పూడి, లోపలే తడిగా నిలుస్తుంది. అందుకే తుప్పు లోపలినుంచి బయటికి తింటుంది, బయట కనపడేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. సుత్తితో ముందునుంచి వెనక్కి జానెడుకొకసారి తట్టండి. బాగున్న ఇనుము ఖంగుమంటుంది. తిన్న చోట శబ్దం చచ్చుగా, మట్టి కుండ మీద కొట్టినట్టు వస్తుంది. వెనక యాక్సిల్ మీదుగా పట్టీ పైకి వంగే చోటు, కమాను కట్టల ముందు కొక్కెం, వెనక షాకిల్ (కమాను కట్ట చివర ఊగే లింకు) బిగించిన చోటు, స్టెప్నీ పైనుండే అడ్డపట్టీ, వెల్డింగ్ అతుకులు, ఇవన్నీ విడివిడిగా చూడండి. స్క్రూడ్రైవరు మొనతో గీరితే ఎర్రపొడి రాలిందంటే పైతుప్పే, భయం లేదు. అప్పడాల్లా పొరలు పొరలుగా ఊడితే, లేదా మొన లోపలికి దిగితే ఇక అక్కడే ఆపెయ్యండి. ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ బండి వద్దు.

అమ్మకానికి ముందే కొత్తగా కొట్టిన నల్ల అండర్‌కోటింగ్ ఉంటే మరింత జాగ్రత్త. కోటింగ్ మంచిదే, కానీ తుప్పు గీకకుండా దాని మీద కొడితే తడి లోపలే చిక్కుకుని ఇంకా వేగంగా తింటుంది. బోల్టుల తలల మీద, బ్రేకు పైపుల మీద, రబ్బరు బుష్షుల మీద కూడా అదే నలుపు పూసేసి ఉంటే అది దాచడానికి కొట్టిందే. ఛాసిస్ నంబరు చాలా బండ్లలో కుడివైపు ముందు చక్రం దగ్గర పట్టీ మీద గుద్ది ఉంటుంది. గుడ్డతో తుడిచి ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. గ్రైండర్ ఆనవాళ్లు ఉంటే బేరం అక్కర్లేదు.

లోడు ఎంత మోసిందో క్యాబిన్‌కీ వెనక బాడీకీ మధ్య సందు చెబుతుంది. బండికి పక్కగా పదడుగుల దూరంలో నిలబడి చూడండి. సందు పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి. పైన ఎక్కువగా, కింద తక్కువగా ఉంటే వెనక భాగం బరువుకి కిందికి వంగినట్టు. 25 కిలోల మేత బస్తాలు నలభై వేస్తే టన్ను, ఈ బండ్లలో చాలావాటికి అది మించిన లోడు. ఆర్సీలో లోడుతో కలిపిన మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే అసలు లెక్క, మనుషుల బరువూ అందులోనే. కమాను కట్టల్లో కొత్తగా మెరిసే అదనపు పట్టీ, విరిగిన పట్టీ, సాగిన షాకిల్ ఉన్నాయేమో చూడండి. చక్రం మధ్యనుంచి మడ్‌గార్డు అంచుదాకా టేపు పెట్టి రెండు పక్కలా కొలవండి, రెండు వేళ్ల వెడల్పు తేడా ఉంటే కారణం తేలాలి. వెనక బాడీలో ప్లాస్టిక్ లైనర్ ఉంటే విప్పించి తీరాలి. దాని కింద ఇసుక, రొయ్య మేత పొడి చేరి తడి పట్టి ఉంటుంది, రేకు అక్కడే పోతుంది.

బండి కిందికి దూరినప్పుడే ఛాసిస్ వెంట పోయే బ్రేకు ఇనుప పైపులు వేలితో తడమండి. గరుకుగా ఉబ్బితే మార్చాల్సిందే, ఒక గట్టి బ్రేకుకి పగిలిపోతాయి. వెనక యాక్సిల్ దగ్గర లోడుని బట్టి బ్రేకు తగ్గించే వాల్వు ఉన్న బండ్లలో దాని కడ్డీ ఉప్పుకి బిగుసుకుపోతుంది, చేత్తో కదిపి చూడండి. వైర్ల కనెక్టర్లు ఒకటి రెండు విప్పితే రాగి మీద పచ్చ చిలుము కనపడితే ఆ బండి కరెంటు పని ఒక పట్టాన తెమలదు.

ఫోర్‌వీల్ పరీక్ష తారు రోడ్డు మీద చెయ్యొద్దు, అమ్మేవాళ్లనూ చెయ్యనివ్వొద్దు. ఈ బండ్లలో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తారు మీద టైరు జారదు, ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే డబ్బా) గొలుసు మీదా, షాఫ్టుల కీళ్లయిన క్రాసుల మీదా పడుతుంది. నేషనల్ హైవే మీద 4హెచ్‌లో (ఫోర్‌వీల్, మామూలు వేగం) తోలితే పట్టు బాగుంటుందని చెప్పే ఓనరు బండి అయితే ట్రాన్స్‌ఫర్ కేసు అరిగిందనే అనుకోండి.

మైపాడు ఇసుకో, పెన్న ఒడ్డో, దున్నిన చేనో, నేల వదులుగా ఉండే చోటికి తీసుకెళ్లండి. ముందు నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉన్నాయో చూడండి. తేడా ఉంటే ఫోర్‌వీల్ పడినా తిరిగి విడవదు. నిదానంగా, నిటారుగా పోతూ 2హెచ్ (టూవీల్) నుంచి 4హెచ్‌కి మార్చండి. మీటరులో లైటు కొద్దిసేపు మిణుకుమని నిలకడగా వెలగాలి. మిణుకుతూనే ఉంటే యాక్చుయేటరో (ఫోర్‌వీల్‌ని కలిపే పరికరం), దాని కనెక్టరో పోయింది. లైటు వెలిగితే చాలదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి అడుగు వేగంతో చుట్టు తిరగండి. ముందు చక్రాలు నేలని కోస్తూ, బండి బిగపట్టినట్టు ఆగి ఆగి కదిలితే ముందు యాక్సిల్ నిజంగా లాగుతోంది. 2హెచ్‌లో తిరిగినంత తేలిగ్గా తిరిగితే లైటు అబద్ధం చెబుతోంది. తర్వాత బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో 4ఎల్ (ఫోర్‌వీల్, తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) వేసి, మెత్తటి వాలు ఎక్కించండి. బరువు పడినప్పుడు కింద నుంచి కటకటమని గొలుసు దూకే శబ్దం రాకూడదు. మళ్లీ 2హెచ్‌కి వచ్చాక లైటు ఆరకపోతే నాలుగు మీటర్లు వెనక్కి పోనివ్వండి, ఆరుతుంది. అప్పటికీ ఆరకపోతే లోపల ఏదో పట్టేసింది.

డిఫరెన్షియళ్లు, ట్రాన్స్‌ఫర్ కేసుల నూనె నింపే బోల్టు విప్పించి వేలు ముంచండి. పాలు కలిపిన కాఫీ రంగుంటే నీళ్లు దూరాయి. వేడిగా ఉన్న హౌసింగు కాలువలో దిగగానే చల్లబడి, గాలిగొట్టం పూడిపోయో ఊడిపోయో ఉంటే ఆయిల్ సీలు పక్కనుంచి నీళ్లు పీల్చుకుంటుంది. వేలికి వెండిపొడిలా మెరిస్తే క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపలి గేర్లు) అరుగుతోంది. ముందు యాక్సిల్ రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్మి ఉంటే ఉప్పుబురద లోపల చేరినట్టే.

ఇంజను గురించి క్లుప్తంగా చెప్పేస్తాం. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి, పొద్దున స్టార్టింగే అసలు పరీక్ష. నీలం పొగ, ఆయిల్ మూత తీస్తే గట్టిగా ఊదే గాలి, రెండూ రింగులు అరిగాయని చెబుతాయి. చీమకుర్తి వైపు తిరిగిన బండికి ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పించండి. ఫిల్టరుకి ఇవతల దుమ్ము ఉండాల్సిందే. ఫిల్టరు దాటాక టర్బోకి పోయే గొట్టంలో వేలు తిప్పితే బూడిదరంగు రాతిపొడి అంటుకుంటే, అది టర్బో రెక్కల్నీ సిలిండర్లనీ సానరాయిలా అరగదీసి ఉంటుంది.

బీఎస్6 బండ్లలో సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టరు, డీపీఎఫ్, ఉంటుంది. అది తనని తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా పోవాలి. గుంట నుంచి ఇంటికి మూడు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అవకాశమే రాదు. కాల్చడానికి అదనంగా చల్లిన డీజిల్ ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గరిష్ఠ గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే డీపీఎఫ్ మూసుకుపోతోందని అర్థం.

2021 నవంబరు పెన్న వరద, 2023 డిసెంబరు మిగ్‌జాం తుఫాను ఇక్కడా చెన్నైలోనూ ఎన్నో బండ్లని ముంచాయి. వెనక సీటు బెల్టు చివరంటా లాగండి. బయట కడుగుతారు గానీ చుట్టలో ఉన్న ఆ చివరి మూరని ఎవరూ కడగరు, మట్టి గీత అక్కడే ఉండిపోతుంది. సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ ఎత్తితే ముక్కిన వాసన కూడా అదే చెబుతాయి.

కాగితాల్లో ముందు తెల్లబోర్డా (సొంతానికి) పసుపుబోర్డా (కిరాయికి) చూడండి. పసుపుబోర్డు బండికి ఎనిమిదేళ్లు దాటితే ప్రతి ఏడూ ఫిట్‌నెస్ చేయించాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఫారం 35 (ఆర్సీలోంచి ఫైనాన్స్ తీయించేది) చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. తమిళనాడు బండికి అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు పడుతుంది, ఆ ఖర్చు బేరంలోనే తీసెయ్యండి. ఓనరు మార్పుకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాక ఇన్సూరెన్సు పేరుమార్పు 14 రోజుల్లో అడగాలి.

బండి ఇంటికి రాగానే ఇంజను, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ల నూనెలు మార్పించండి, ఛాసిస్ రంధ్రాలు తీగతో పొడిచి పూడిక తీయించండి. నెలకొకసారి మెత్తనేల మీద రెండు మూడు కిలోమీటర్లు 4హెచ్‌లో తోలితే యాక్చుయేటర్ బిగుసుకోదు. గట్టు మీద తిరిగొచ్చిన ప్రతిసారీ కింద కడగాలి. గుంట పక్కన బోరు నీళ్లతో మాత్రం కడగవద్దు. ఆ నీళ్లు నాలిక మీద వేసుకుని చూడండి, చాలాచోట్ల అవీ ఉప్పే. ఊళ్లోకి వచ్చి మంచినీళ్లతో, చక్రాల వెనకా కమాను కట్టల సందుల్లోనూ పైపు పెట్టి, కారే నీళ్లు తేటపడేదాకా కడగండి.