డ్యాష్ క్యామ్ హార్డ్‌వైరింగ్: ఏ ఫ్యూజ్, ఎన్ని వోల్టులు

డ్యాష్ క్యామ్‌ని సిగరెట్ లైటర్ సాకెట్‌కి గుచ్చి వదిలేస్తే, చాలా బండ్లలో తాళం తీయగానే కెమెరా కూడా ఆగిపోతుంది. గచ్చిబౌలిలో రోడ్డు వారన ఆపిన బండికి ఎవరో గీత పెట్టి పోయినా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ తీస్తూ ఎవరో బంపర్‌కి తగిలించినా రికార్డు ఉండదు. పార్కింగ్ మోడ్, అంటే ఆపిన బండిలోనూ కెమెరా కాపలా కాయడం, కావాలంటే దాన్ని ఫ్యూజ్ బాక్స్‌కి కలపడమే మామూలు దారి. దీన్నే హార్డ్‌వైరింగ్ అంటారు. పని రెండు మూడు గంటలది. ఇందులో బండి వైరు ఒక్కటి కూడా కోయక్కర్లేదు. వైరు కోసి జాయింట్ వేస్తానన్నవాళ్ల చేతికి మాత్రం తాళం ఇవ్వకండి, వారంటీ దగ్గర మొదటి పేచీ అక్కడే వస్తుంది.

హార్డ్‌వైర్ కిట్ మీ కెమెరా కంపెనీదే కొనండి. పార్కింగ్ మోడ్‌కి మారమని చెప్పే సిగ్నల్ చాలా కెమెరాల్లో యూఎస్‌బీ ప్లగ్‌లోని పిన్నుల ద్వారానే వెళ్తుంది, అది ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. వేరే కిట్ వేస్తే కెమెరా వెలుగుతుంది కానీ పార్కింగ్ మోడ్ రాకపోవచ్చు. కిట్‌లో ఉండే చిన్న నల్ల డబ్బా 12 వోల్టుల్ని 5 వోల్టులకి దించుతుంది. దానికి మూడు తీగలు. సాధారణంగా పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్‌కి, ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఏసీసీ ఫ్యూజ్‌కి, నల్లది బాడీ ఎర్త్‌కి. రంగులు మారొచ్చు, కిట్‌తో వచ్చిన కాగితమే ప్రమాణం. పసుపు, ఎరుపు రెండూ పర్మనెంట్ లైన్‌కి పడితే బండి ఎప్పుడూ నడుస్తున్నట్టే అనుకుని కెమెరా రాత్రంతా పూర్తి రికార్డింగ్ చేస్తుంది. రెండూ ఏసీసీకి పడితే పార్కింగ్ మోడ్ ఉండదు.

మిగతా సామాను: రెండు ఫ్యూజ్ ట్యాపులు (ఫ్యూజ్ సాకెట్‌లో గుచ్చితే పాత ఫ్యూజ్‌తో పాటు కొత్త ఫ్యూజ్‌కీ చోటిచ్చి, కెమెరాకి వేరే తీగ ఇచ్చే ముక్క), వాటిలోకి 2 లేదా 3 ఆంపియర్ ఫ్యూజులు, ఒక రింగ్ టెర్మినల్, ఫెల్ట్ టేపు, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్, మల్టీమీటర్. మల్టీమీటర్, టెర్మినల్ లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ట్యాపు కొనేముందు మీ బండిలోంచి ఒక ఫ్యూజ్ పీకి చేత్తో పట్టుకెళ్లండి. మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో 2 అనే ఫ్యూజ్ సైజులు తెలియని కంటికి ఒకేలా కనిపిస్తాయి. సైజు తప్పితే ట్యాపు వదులుగా కూర్చుంటుంది, వదులైన చోట వేడి పుట్టి సాకెట్ కరుగుతుంది.

అసలు బుర్ర పెట్టాల్సింది ఫ్యూజ్ ఎంపికలో. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ ఈసీయూ, ఫ్యూయల్ పంపు, పవర్ స్టీరింగ్ ఫ్యూజుల జోలికి వెళ్లొద్దు. ఎర్ర తీగకి పవర్ సాకెట్ ఫ్యూజ్ మంచిది, అయితే కొన్ని బండ్లలో ఆ సాకెట్‌కి తాళం తీసినా కరెంటు ఉంటుంది కాబట్టి కొలిచాకే నమ్మాలి. పసుపు తీగకి చాలామంది రూమ్ ల్యాంప్ ఫ్యూజ్ చూపిస్తారు. చిక్కంతా ఇక్కడే. ఈ మధ్య బండ్లలో బ్యాటరీ దిగిపోకుండా కొన్ని లైన్లని బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లు, లాకుల్లాంటివి నడిపే చిన్న కంప్యూటర్) కొద్దిసేపటికి తనే ఆపేస్తుంది. బండి ఆపిన వెంటనే కొలిస్తే 12 వోల్టులు కనిపిస్తాయి, అరగంట తర్వాత సున్నా. పార్కింగ్ మోడ్ ఇరవై నిమిషాలకే ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది కెమెరాని కాదు, ఈ ఫ్యూజ్‌ని.

సరిగ్గా కొలవాలంటే డ్రైవర్ డోర్ తెరిచి ఉంచి, డోర్ లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూయండి. డోర్ పడిందని బండి అనుకుంటుంది. రిమోట్‌తో లాక్ చేసి, తాళం దూరంగా పెట్టి, అరగంట ఆగి మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి కొలవండి. అప్పటికీ 12 పైన ఉన్న ఫ్యూజే మీ పర్మనెంట్ లైన్. పని అయ్యాక అన్‌లాక్ చేసి, హ్యాండిల్ లాగి లాచ్ విడిపించాకే డోర్ వేయండి, లేకపోతే లాచ్ దెబ్బతింటుంది.

ఫ్యూజ్ ట్యాపుకి ఒక దిశ ఉంటుంది, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. తిరగేసి పెట్టినా కెమెరా పని చేస్తుంది, కానీ దాని కరెంటు కూడా బండి అసలు ఫ్యూజ్ గుండానే పోతుంది. పరీక్ష తేలిక. ట్యాపులో పాత ఫ్యూజ్ పెట్టకుండా, కెమెరా కోసం వేసిన కొత్త ఫ్యూజ్ ఒక్కటే ఉంచి సాకెట్‌లో గుచ్చండి. ట్యాపు తీగ చివర 12 వోల్టులు వస్తే దిశ సరైనదే. రాకపోతే పీకి 180 డిగ్రీలు తిప్పండి. ఆ తర్వాతే పాత ఫ్యూజ్ పెట్టాలి.

ఎర్త్‌కి పెయింట్ లేని, నేరుగా బాడీ ఇనుముకి బిగిసిన బోల్టు వెతకండి. ప్లాస్టిక్‌లోకి దిగిన స్క్రూ పనికిరాదు. కెమెరా వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంటే చాలాసార్లు ఎర్తే కారణం.

ఇక కటాఫ్, అంటే బ్యాటరీ ఎన్ని వోల్టులకి పడితే కిట్ కెమెరాని ఆపేయాలన్న హద్దు. దీనికి లెక్క వేసుకోవడమే దారి. పార్కింగ్‌లో కెమెరా 0.3 ఆంపియర్ లాగుతోందనుకోండి. పది గంటల ఆఫీసుకి 3 ఆంపియర్ అవర్స్, 35 ఆంపియర్ అవర్స్ బ్యాటరీకి ఇది పెద్ద భారం కాదు. అదే శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో మూడు రోజులు వదిలితే 72 గంటలకి దాదాపు 22, అంటే సగం పైనే. విశ్రాంతిలో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6, సగానికి 12.2, పావుకి 12.0 వోల్టుల దగ్గర ఉంటుంది. కాబట్టి కిట్ స్విచ్‌ని 12.2 మీద పెట్టండి, మరీ అవసరమైతే 12.0. 11.8, 11.6 సెట్టింగులు రికార్డింగ్‌ని పొడిగిస్తాయి, బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ పేర్చి దాని ఆయుష్షు తగ్గిస్తాయి. రోజూ కూకట్‌పల్లి నుంచి మియాపూర్ దాకా, అదీ ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో వెళ్లొచ్చే బండికి ఖాళీ అయినది మళ్లీ నిండే సమయమే దొరకదు. అలాంటి వాడకానికి 12.4 ఉన్న కిట్ వెతకడమే మేలు.

ఇక మన ఎండలు. మే నెలలో బయట 42 ఉంటే అద్దం వెనకాల కెమెరా ఒళ్లు అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంది. కెమెరా లోపలి లిథియం బ్యాటరీ ఈ వేడికి ఉబ్బొచ్చు, హైదరాబాద్‌లో దాని బదులు సూపర్ కెపాసిటర్ (వేడిని ఎక్కువ తట్టుకుంటూ కరెంటు నిలవ చేసే భాగం) ఉన్నదే కొనాలి. ఆరుబయట పార్క్ చేసేవాళ్లు ఏప్రిల్, మే మధ్యాహ్నాలు పార్కింగ్ మోడ్ ఆపేయండి, సెల్లార్‌లో అయితే ఫర్వాలేదు.

వైరు దారి: అద్దం వెనక నుంచి రూఫ్ లైనింగ్ అంచులోకి, అక్కడి నుంచి ఏ-పిల్లర్ (ముందు అద్దం పక్కనుండే స్తంభం) గుండా కిందకి. కెమెరా ఫాస్టాగ్‌కి అడ్డం రాకూడదు. పిల్లర్ ట్రిమ్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి. వైరు ఎప్పుడూ ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచే పోవాలి. ముందు నుంచి పోతే బ్యాగ్ విచ్చుకునేటప్పుడు అడ్డం పడుతుంది. ఇది ఒక్కటీ సర్దుకుపోయే విషయం కాదు. మిగిలిన వైరుని చుట్ట చుట్టి ఫెల్ట్ టేపు వేస్తే డ్యాష్‌బోర్డ్ లోపల గలగల ఉండదు. నల్ల డబ్బాని రేడియో యాంటెనా వైరుకి దూరంగా కట్టండి, లేదంటే ఎఫ్ఎంలో గరగర వినిపిస్తుంది.

వెనక కెమెరా ఉంటే హ్యాచ్‌బ్యాక్ డిక్కీ డోర్ దగ్గర ముడతల రబ్బరు గొట్టంలోంచే వైరు తీయాలి. సిలికాన్ స్ప్రే కొడితే జారుతుంది. డోర్ పూర్తిగా ఎత్తినప్పుడు వైరు బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచండి, బిగుతుగా ఉన్న వైరు కొన్ని నెలల్లో లోపలే తెగి వెనక బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది.

అంతా బిగించాక రాత్రి కెమెరా పార్కింగ్ మోడ్‌లోకి వెళ్లిందో లేదో చూసి పడుకోండి. పొద్దున తాళం తిప్పకముందే బానెట్ ఎత్తి బ్యాటరీ వోల్టేజి కొలవండి. 12.4 పైన ఉంటే అమరిక సరిపోయినట్టే. 12.2 కంటే తక్కువ చూపిస్తే కటాఫ్ స్విచ్, పసుపు ఎరుపు తీగలు ఏ ఫ్యూజుల్లో ఉన్నాయో మళ్లీ చూడండి. అవి సరిగానే ఉంటే బ్యాటరీకి లోడ్ టెస్ట్ (భారం వేసి సత్తా చూసే పరీక్ష) చేయించండి.