అత్త మందుల సంచి

నాలుగో శనివారం, బ్యాంకుకి సెలవు. పొద్దున్న ఏడు కాకుండానే ఆనందపురం నుంచి మా మేనత్త వచ్చింది. ఒక చేతిలో నాకోసం కనకాంబరాల దండ, ఇంకో చేతిలో మెడికల్ షాపు వాళ్లిచ్చిన సంచి. విశాఖ మద్దిలపాలెంలో బస్సు దిగి గబగబా నడిచొచ్చేసే మనిషి, ఇవాళ దారిలో రెండుచోట్ల అరుగుల మీద కూర్చుని వచ్చిందట.

నడుంనొప్పి. వాళ్లకి అరెకరం పూలతోట ఉంది. బంతి, చామంతి, కనకాంబరం వేస్తారు. తెల్లారకుండానే వంగి పూలు కోసి, ఆనందపురం పూల మార్కెట్లో దించి వస్తుంది. ఏళ్ల తరబడి అదే పని. యాభై ఎనిమిదేళ్ల నడుం నొప్పెట్టడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆశ్చర్యమంతా సంచి విప్పాక.

"దేనికేది ఏసుకోవాలో సెప్పమ్మీ, రంగులు కలిసిపోతన్నాయి నాకు" అంది. అత్తకి చదువు రాదు. బీపీ మాత్రని కూడా రంగుని బట్టే గుర్తుపడుతుంది.

అన్నీ మంచం మీద పరిచాను. నొప్పికి ఒక మాత్ర, నొప్పికే ఇంకో మాత్ర, వాటికి కడుపులో మంట రాకుండా గ్యాస్ మాత్ర, నరాలకొకటి, కాల్షియం, మల్టీవిటమిన్, 60,000 యూనిట్ల విటమిన్ డి, ఇవి కాక కీళ్లకని కొల్లాజెన్ పొడి డబ్బా. పక్కన ఎంఆర్ఐ ఫిల్ములు. థైరాయిడ్, బి12, విటమిన్ డి, యూరిక్ యాసిడ్, కొలెస్ట్రాల్, లివరు, కిడ్నీ పరీక్షల రిపోర్టులతో లావుపాటి ఫైలు. బిల్లులన్నీ కూడితే పదిహేను వేలు దాటాయి. పండగ సీజన్లో బంతిపూల మీద మిగిలిన డబ్బు మొత్తం అదే. ఇంకా నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

వాళ్ల ఊరి ఆర్ఎంపీ చీటీ రాసిచ్చి, సిటీలో ఫలానా డాక్టరు దగ్గరికే వెళ్లమని పంపాడట. ఆ క్లినిక్‌లో పొద్దున్నుంచీ కూర్చుంటే, టై కట్టుకుని సంచులు తగిలించుకున్న మందుల కంపెనీ కుర్రాళ్లు వీళ్లకంటే ముందు లోపలికి వెళ్లొచ్చారట. తన వంతు వచ్చాక ఎంతసేపు చూశారని అడిగాను. "కూకోమన్నాడు, ఎన్నాళ్లనుంచన్నాడు, కంప్యూటర్లో కొట్టాడు. పరీచ్చలు సేయించుకు రమ్మన్నాడు" అంది. నడుం ముట్టుకుని చూశారా అంటే లేదంది. లేదన్నప్పుడు ఆవిడ గొంతులో ఫిర్యాదు లేదు. పెద్ద డాక్టరు ముట్టుకోకుండానే తెలుసుకుంటాడని ఆవిడ నమ్మకం.

మావారు పరవాడ ఫార్మాసిటీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తారు. కాఫీ తాగుతూ స్ట్రిప్పులు ఒక్కొక్కటే తిరగేసి వెనక అచ్చు చదివారు. ఒకదాని మీద ఏసిక్లోఫెనాక్, పారాసెటమాల్. రెండోదాని మీద ఎటోరికాక్సిబ్. "పేర్లు వేరు గానీ ఏసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ ఒకే జాతి మందులు. రెండూ కలిపి వేసుకుంటే నొప్పి రెండింతలు తగ్గదు, కడుపుకీ కిడ్నీకీ దెబ్బ మాత్రం పెరుగుతుంది. పైగా అత్తకి బీపీ" అన్నారు. ఈ జాతి మాత్రలు బీపీని పెంచుతాయి. బీపీ అదుపులో లేనివాళ్లకి ఎటోరికాక్సిబ్ ఇవ్వనే కూడదు. అత్త అప్పటికే నాలుగు రోజులుగా రెండూ వేసుకుంటోంది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. వారానికి ఒక్కటే వేసుకోవాల్సిన విటమిన్ డి కూడా రోజువారీ మాత్రల కవర్లోనే ఉంది. వారానికొకటని ఎవరూ విడమరిచి చెప్పలేదు. అదృష్టం కొద్దీ ఒక్కటే మింగింది.

ఇక ఆ కొల్లాజెన్ డబ్బా. పదకొండు వందల యాభై రూపాయలు. దాని మీద ఇంగ్లీషులో 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని ఉంది, అంటే ఔషధంగా వాడటానికి కాదని. ఇలాంటి డబ్బాల మీద ఆ మాట అచ్చేయాలని చట్టమే చెబుతుంది. ఎందుకంటే అది మందు కాదు, ఆహార పదార్థాల లైసెన్సుతో అమ్మే సరుకు. 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు దీనికి వర్తించదు, కాబట్టి ధర ఎంతైనా పెట్టుకోవచ్చు. ఔషధం కాదని తన ఒంటి మీదే రాసుకున్న డబ్బాని మందుల చీటీలో రాశారు. ఇంగ్లీషు చదవలేని మనిషికి రాశారు. దీనికి నాకు ఏ సమర్థనా దొరకలేదు.

ఆటో మాట్లాడి సిరిపురం మీదుగా కింగ్ జార్జి ఆస్పత్రికి, అదే కేజీహెచ్‌కి తీసుకెళ్లాను. "గవర్మెంటాసుపత్రికా?" అని అత్త దారంతా గొణుగుతూనే ఉంది. 1923లో మొదలైన ఆస్పత్రి అది, ఆంధ్రా మెడికల్ కాలేజీదీ అదే వయసు. శ్రీకాకుళం నుంచీ మన్యం నుంచీ జనం దానికోసమే వస్తారు. ఎముకల ఓపీ దగ్గర లైను చాలానే ఉంది. నిలబడ్డాం.

మా వంతుకి చూసింది ఓ కుర్ర డాక్టరు, పీజీ చదువుతున్న అబ్బాయిలా ఉన్నాడు. నేను ఫైలు చాపితే "ఉండండమ్మా, ముందు ఆవిడని చూడనివ్వండి" అన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి ఒక్కో కాలూ చాపి పైకెత్తాడు. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టాడు. బొటనవేలు పైకి లాగమన్నాడు, మడమల మీద నడవమన్నాడు. వెన్నుపూసల మీద వేలితో నొక్కుకుంటూ వచ్చాడు. మూత్రం, విరేచనం పట్టు తప్పుతున్నాయా, కాళ్లు మొద్దుబారుతున్నాయా, జ్వరం వస్తోందా, బరువు తగ్గావా, ఎప్పుడైనా పడ్డావా అని అడిగాడు. అన్నిటికీ లేదనే వచ్చింది. బీపీ చూశాడు. 160 మీద 100. అప్పుడు తెరిచాడు ఫైలు.

ఎంఆర్ఐలో కింది రెండు పూసల మధ్య డిస్కు కాస్త ఉబ్బిందని ఉంది. ఆ ఒక్క వాక్యం విన్నప్పటి నుంచీ వెన్నెముక చితికిపోయిందని భయపడి అత్త మంచం దిగడమే తగ్గించేసిందట. ఆ అబ్బాయి చెప్పింది విని నేనూ తేలికపడ్డాను: ఈ వయసులో నొప్పి లేనివాళ్లకి స్కానింగ్ తీసినా ఇలాంటి ఉబ్బులు మామూలుగా కనిపిస్తాయి. తను అడిగిన ప్రమాద లక్షణాలేవీ లేనప్పుడు ఇలాంటి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, అప్పటిదాకా స్కానింగ్ అక్కర్లేదు. పడుకుని ఉండటమే చెరుపు, నడవాలి. ఎటోరికాక్సిబ్‌తో పాటు ఏసిక్లోఫెనాక్ ఉన్న మాత్ర కూడా కొట్టేశాడు. నొప్పి ఎక్కువైనప్పుడు ఉత్త పారాసెటమాల్ రాశాడు. బీపీకి వారం తర్వాత రమ్మన్నాడు. కాపడం ఎలా పెట్టుకోవాలో, బరువు ఎలా ఎత్తాలో వంగి చూపించాడు. బయట అంత లైను ఉండగా ఆ వంగి చూపించడానికి తీరిక చేసుకున్నందుకు ఆ అబ్బాయికి దణ్ణం పెట్టాలనిపించింది.

బయటికొచ్చాక అత్త ఆ ముక్క చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటీ రాయలేదేటమ్మీ ఈ గుంటడు? సూదైనా ఎయ్యలేదు. ఆ పెద్దడాక్టరు బాబు అన్నేసి రాసాడంటే నామీద సెద్ద పెట్టినట్టే కదా."

రోజంతా నన్ను వదలని మాట ఇది. అత్తని తప్పు పట్టలేను. ముట్టుకుని చూసే తీరిక లేని చోట, చూశారనడానికి రోగికి మిగిలే గుర్తు చీటీ పొడుగు ఒక్కటే. పది పరీక్షలు రాస్తే పది రకాలుగా ఆలోచించారనుకుంటారు. ఆ నమ్మకం మీదే ల్యాబులూ కంపెనీలూ బతుకుతున్నాయి. డబ్బు పోవడం ఒక నష్టం. జాగ్రత్తగా చూసి తక్కువ రాసిన డాక్టరు చేతకానివాడిలా కనబడటం అంతకంటే పెద్ద నష్టం. అలాంటివాళ్లు ఎన్నాళ్లని తట్టుకుంటారు?

డాక్టర్ల వైపు కష్టం లేదనను. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రైవేటు వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. ఏదైనా తప్పిపోతే కోర్టుకి వెళ్తారని, కొడతారని భయపడి అన్నీ రాసేసేవాళ్లున్నారు. రోగులే సెలైన్ పెట్టమని, స్కానింగ్ రాయమని పట్టుబట్టడమూ చూశాను. కానీ రెండు నొప్పి మాత్రలకి ఏ కోర్టు భయం కారణం? పొడి డబ్బా ఎవరిని కాపాడుతుంది?

నియమాలు లేక కాదు. రోగిని పంపినందుకు కమిషన్ ఇవ్వకూడదు, తీసుకోకూడదని, వీలైనంతవరకు జెనరిక్ పేర్లు, అంటే కంపెనీ బ్రాండు కాకుండా మందు అసలు పేర్లు, రాయాలని భారత వైద్య మండలి 2002 నియమావళిలోనే చెప్పింది. కంపెనీల నుంచి కానుకలు, విహారయాత్రలు వద్దని 2009లో చేర్చారు. డాక్టర్లకిచ్చే కానుకల ఖర్చుని కంపెనీలు పన్ను లెక్కల్లో మినహాయించుకోవడం కుదరదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అంతదాకా లెక్కల్లో రాసుకునేంత బాహాటంగా సాగింది ఆ వ్యవహారం. జెనరిక్ పేర్లే రాయడాన్ని తప్పనిసరి చేస్తూ, ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నియమాలు తెచ్చి, ఆ నెలలోనే నిలిపేసింది.

తిరిగొచ్చేటప్పుడు కేజీహెచ్ డౌన్‌లోని మందుల షాపులు దాటి, కేంద్ర ప్రభుత్వ పథకం కింద జెనరిక్ మందులు అమ్మే ఒక జన్ ఔషధి దుకాణం దగ్గర ఆటో ఆపించాను. పారాసెటమాల్ ఒక స్ట్రిప్పు, అత్త బీపీ మాత్ర నెలకి సరిపడా తీసుకున్నాను. ఈ దుకాణాల్లో బ్రాండు మందులకంటే సగానికి పైగా తక్కువ ధర ఉంటుంది. అత్త బిల్లు చూసి నకిలీవేమో అంది. ఇంటికొచ్చాక మావారు స్ట్రిప్పు తిప్పి మందు పేరు, మోతాదు, బ్యాచి నంబరు ఎక్కడుంటాయో చూపించారు. చదవలేకపోయినా వేలు పెట్టి ఆ అచ్చంతా తడిమి చూసింది.

సాయంత్రం పెరట్లో నాతో పాటు నాలుగుసార్లు నడిచింది. నొప్పి ఉంది గానీ భయం తగ్గిందంది.

విప్పని కొల్లాజెన్ డబ్బా, ఆ రెండు స్ట్రిప్పులు, చీటీ జెరాక్సు ఒక కవర్లో పెట్టాను. సోమవారం బ్యాంకులో గంట పర్మిషన్ తీసుకుని ఆ క్లినిక్‌కి వెళ్తాను. అత్త వద్దంటోంది, పెద్ద డాక్టరుకి కోపమొస్తుందట. బీపీ ఉన్న మనిషికి ఈ రెండూ కలిపి ఎందుకు రాశారో మర్యాదగానే అడుగుతాను. డబ్బా వాపసు తీసుకోమంటాను. పొరపాటున రాశామని అంటే, ఇదే చీటీ ఇంకెవరెవరి ఇళ్లలో ఉందో వాళ్లకి ఫోన్ చేసి చెప్పమంటాను.