వెల్స్ వాక్యం దగ్గర ఆగిపోయాను

ఎంఏ తెలుగు చివరి సెమిస్టర్‌లో తులనాత్మక సాహిత్యం ప్రాజెక్టుకి పాత సైన్స్ ఫిక్షన్ నవలలు తీసుకున్నాను. మొదటి డ్రాఫ్ట్ పది రోజుల్లో అయిపోయింది. ఎవరు ఆడవాళ్లని చిన్నచూపు చూశారు, ఎవరు తెల్లవాళ్లే గొప్పనుకున్నారు, అంతా వరసగా రాసేశాను. మా మేడమ్ నాలుగు పేజీలు చదివి తిరిగిచ్చేశారు. "ఇది తప్పుల పట్టికమ్మా. అప్పుడలా ఎందుకు రాశారో ఒక్క మాటైనా ఉందా?" అన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి నోట్‌బుక్‌లో పేజీ మధ్య గీత గీసుకున్నాను. ఎడమవైపు నవలలోని మాట, కుడివైపు ఆ రోజుల సంగతి. అసిమోవ్ 'ఫౌండేషన్' తేలిగ్గానే లొంగింది. 1942 నుంచి అమెరికన్ పత్రికలో వచ్చిన కథలవి. వేల ఏళ్ల తర్వాతి గెలాక్సీ సామ్రాజ్యమే అయినా, నోరు విప్పే ఆడమనిషి కోసం మొదటి పుస్తకంలో చివరి భాగం దాకా వెతకాలి.

సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా కూర్చుని జూల్స్ వెర్న్ చదివేదాన్ని. 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ' నవలలో సబ్‌మెరైన్ నడిపే కెప్టెన్ నెమోని వెర్న్ మొదట రష్యా మీద పగబట్టిన పోలండ్ మనిషిగా అనుకున్నాడు. రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవేమోనని పబ్లిషర్ ఒప్పుకోలేదు. 1870లో వచ్చిన ఆ నవలలో నెమో ఎవరో చెప్పలేదు. 1875లో వచ్చిన మరో నవల 'ది మిస్టీరియస్ ఐలాండ్'లో మాత్రం అతను 1857 తిరుగుబాటులో పోరాడిన బుందేల్‌ఖండ్ రాకుమారుడని తేలింది. అది చదివి ఎంత పొంగిపోయానో!

ఆగిపోయింది ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ దగ్గర. అంగారక గ్రహం వాళ్లు భూమి మీదికి దండెత్తి వచ్చే అతని నవల 'ది వార్ ఆఫ్ ద వరల్డ్స్' 1898లో పుస్తకంగా వచ్చింది. అంగారకుల్ని తప్పుపట్టే ముందు మనం చేసింది గుర్తుచేసుకోవాలంటాడు మొదటి అధ్యాయంలోనే. యూరప్ నుంచి వలస వెళ్లినవాళ్లు ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియా దీవి జనాన్ని యాభై ఏళ్లలో తుడిచిపెట్టేశారంటాడు. బ్రిటిష్ పాఠకుల ముఖం మీదే అంత మాట! ఒళ్లు జలదరించింది. కానీ అక్కడే వాళ్లని 'హీన జాతులు' అంటాడు. 'మనిషి పోలిక ఉన్నా' అంటాడు. మనుషులకి మనిషి పోలిక ఉండటమేమిటి? సామ్రాజ్యాన్ని నిలదీసే మనిషి నోట కూడా సామ్రాజ్యం మాటలే. ఇది గీతకి ఎటువైపు రాయాలో తెలియక రెండు రోజులు పెన్ను కదల్లేదు.

చివరికి ఆ వాక్యాన్ని తెలుగు చేసి పెట్టాను, కాస్త మెత్తగా, 'వెనకబడిన జాతులు' అని. మేడమ్ ఎర్ర పెన్నుతో చుట్టారు. "ఆయన దాచలేదు కదా, నువ్వెందుకు దాస్తున్నావు?"

'హీన' మళ్లీ పెట్టాను. దాని కిందే ఇంకో వాక్యం చేర్చాను: టాస్మానియా ఆదివాసులు అంతరించిపోయారని వెల్స్ కాలంలో అందరూ నమ్మారు, కానీ వాళ్ల సంతతి ఈనాటికీ అక్కడ ఉంది.