బంతి ఎందుకు షార్ట్ పడుతోంది

ఆదివారం, లష్కర్ బోనాలు.

రాత్రంతా ముసురు. ఆరింటికి తెరిపిచ్చింది. తార్నాకలో కాలనీ పార్కు బాస్కెట్‌బాల్ కోర్టు మీద మూడుచోట్ల నీళ్లు నిలిచి, వేపాకులు సిమెంటుకు అతుక్కుపోయి ఉన్నాయి. నీళ్లు వైపర్‌తో నెట్టేయొచ్చు, పాకుడు మాత్రం పోదు. దాని మీద పరుగెత్తుకొచ్చి ఆగబోతే పాదం ఒకవైపు జారుతుంది, మోకాలు ఇంకోవైపు తిరుగుతుంది. అందుకని ఇవాళ పరుగులూ, పరుగెత్తుకొచ్చి రింగ్ దగ్గర ఎగిరి వేసే లేఅప్‌లూ బంద్. రోజూ పన్నెండు మంది వచ్చేచోట నలుగురే వచ్చారు. మిగతావాళ్ల ఇళ్లల్లో బోనం. వీధి చివర మైకు అప్పుడే మొదలైంది.

రింగ్ కింద రెండు మీటర్ల మేర నేల ఆరింది. షూటింగ్ చెయ్యి సరిచేసుకోవడానికి ఆ మాత్రం జాగా చాలు. అంతకంటే ఎక్కువుంటేనే పిల్లలు చెడిపోతారు. బంతి చేతికి రాగానే దూరాన ఉండే త్రీ పాయింట్ లైన్ వెనక్కి పోయి, భుజం మీంచి రాయి విసిరినట్టు విసురుతారు.

ముందు బంతి సంగతి. గాలి తగ్గింది. గేజ్ లేకపోతే భుజం ఎత్తు నుంచి వదిలి చూడాలి. సుమారు నడుము దాకా లేస్తే సరిపోయినట్టు. తొడల దగ్గరే ఆగితే తక్కువ, పొట్ట దాటితే ఎక్కువ. గాలి కొట్టే పిన్నును నీళ్లతో తడిపి, నిటారుగా గుచ్చాలి. పొడి పిన్ను గుచ్చితే వాల్వు రబ్బరు చిరుగుతుంది, లేదా లోపలికి జారిపోతుంది. ఆ తర్వాత ఆ బంతి గాలి పట్టదు. ఇంట్లో మూలన పడున్న సగం బంతుల కథ ఇదే. సిమెంటు కోర్టుకు రబ్బరు బంతే మేలు. లెదర్ బంతి ఇక్కడ మూడు నెలల్లో నున్నగా అరిగిపోతుంది.

ఆరో తరగతి పాప వాళ్లన్న బంతి తెచ్చింది, 7వ నంబరు. దాదాపు 600 గ్రాములు. ఆ బరువుకు బంతి నడుము దగ్గర్నుంచి, రెండు చేతులతో బిందె ఎత్తినట్టు లేస్తోంది. ఆ వయసుకు 5వ నంబరు చాలు, పెద్దయ్యాక ఆడపిల్లలకు 6. బరువు ఎక్కువైన బంతితో నేర్చుకున్న చెయ్యిని తర్వాత సరిదిద్దడం చాలా కష్టం. పార్కు సంచిలో 5వ నంబరు ఉంటే ఇప్పించాం. పది బంతుల్లోనే మోచెయ్యి దానంతటదే బంతి కిందికి వచ్చింది. మాటతో చెప్పాల్సిన పనే లేకపోయింది.

రింగ్ నుంచి మీటరు దూరంలో ఒంటిచేత్తో షాట్లు. ఎడమ చెయ్యి వీపు వెనక. బంతి వేళ్ల మెత్తల మీద కూర్చోవాలి, అరచేతికీ బంతికీ మధ్య పెన్సిలు దూరేంత సందు ఉండాలి. మోచెయ్యి బంతి కింద, షూటింగ్ వైపు పాదం అర అడుగు ముందు. మణికట్టు విరిచాక చెయ్యి అలాగే గాల్లో ఉండాలి, బంతి రింగును తాకేదాకా దించకూడదు. ఇరవై అయిదు పడాలి. వేసినవి కాదు, పడినవి లెక్క. అదీ రింగ్ తాకకుండా నెట్‌లోకి జారినవే. రింగ్‌కు తగిలి పడినవాటిని లెక్కేయొద్దంటే పిల్లలు మొహం మాడ్చుకుంటారు గానీ, మీటరు దూరంలో రింగ్‌కు తగిలే బంతి నాలుగు మీటర్ల నుంచి లోపలికి పోదు.

రెండో చెయ్యి పెట్టాక అసలు తంటా మొదలవుతుంది. ఎడమ చెయ్యి పని బంతిని పక్కనుంచి ఆనుకుని ఉండటమే. చాలామందికి చివరి క్షణంలో ఎడమ బొటనవేలు బంతిని నెడుతుంది. అది కంటికి ఆనదు. దీన్ని పట్టుకోవడానికి బంతి చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేప్ ఒక్క చుట్టు వేశాం. బంతి సరిగా వెనక్కి తిరుగుతూ వెళ్తే ఆ గీత నిటారుగా ఒక్కటే పట్టీలా కనిపిస్తుంది. బొటనవేలు నెడితే గీత చక్రం వంకరపోయిన సైకిల్‌లా ఊగుతుంది. అయిదు రూపాయల టేపు ముక్క చెప్పినంత నిజాయితీగా పక్కనున్న మనిషి చెప్పలేడు.

ఏడున్నరకు ఎండ పొడ వచ్చి ఫ్రీ త్రో లైన్ దాకా, అంటే ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డు రాకుండా నిలబడి షాట్ వేసే గీత దాకా, ఆరింది. అప్పుడు తొమ్మిదో తరగతి పిల్లాడు నోట్‌బుక్ పట్టుకొచ్చాడు.

“అన్నా, ఈడ ఇరవైకి పద్నాలుగు పడ్తున్నయ్. మొన్న టోర్నమెంట్ల ఆరు ఫ్రీ త్రోలేస్తే ఒక్కటి గూడ పడలే. షాట్ మార్చుకోవాల్నా?”

“యాడ పడ్డయో రాసినవా?”

“అన్నీ షార్టే. రెండైతే ఎయిర్ బాల్.”

రాసుకున్నాడు, అదే సగం వైద్యం. పడని బంతి ఎటు పోయిందో నాలుగు గడుల్లో రాయాలి: షార్ట్ (రింగ్ ఇవతలే), లాంగ్ (రింగ్ అవతలికి), ఎడమ, కుడి. ఎడమ కుడి తప్పులు ఎక్కువగా చేతివి, అంటే బొటనవేలు, పక్కకు తెరుచుకున్న మోచెయ్యి, వంకర నిలబడిన పాదం. షార్ట్, లాంగ్ తప్పులు ఎక్కువగా కాళ్లవీ, బంతి లేచే ఎత్తువీ. ఆరూ షార్టే పడి, ఒక్కటీ పక్కకు పోలేదంటే చెయ్యి బాగానే ఉన్నట్టు. చెయ్యి బాగున్నవాడి చెయ్యి మార్చడం కంటే పాపం లేదు. మ్యాచ్ ఓడిన సాయంత్రమే గట్టు మీద కూర్చున్న ప్రతివాడూ మణికట్టు గురించి సలహా ఇస్తాడు.

పిల్లాడు మారలేదు, కోర్టు మారింది. అందుకని కొలత టేపు బయటికి తీశాం.

కొలతల ప్రకారం ఫ్రీ త్రో లైన్ రింగ్ వెనకుండే బోర్డు మొహం నుంచి 4.60 మీటర్లు. రంగు వేసేవాళ్లు మాత్రం కోర్టు చివరి గీత నుంచి 5.80 కొలుస్తారు, ఎందుకంటే బోర్డు ఆ గీతకు 1.20 మీటర్లు లోపలికి ఉండాలి. లెక్క రెండు రకాలుగానూ ఒకటే కావాలి. వాచ్‌మన్ తాత దగ్గర నిచ్చెన తెచ్చి, దారానికి తాళంచెవి కట్టి బోర్డు కింది అంచు నుంచి వేలాడదీశాం. తాళంచెవి చివరి గీతకు 1.65 మీటర్ల దూరంలో నిలబడింది. పెయింటర్ తప్పేమీ లేదు. స్తంభం నుంచి బోర్డును పట్టే ఇనుప చెయ్యే పొడుగు. అంటే ఇక్కడ బోర్డు నుంచి ఫ్రీ త్రో దూరం 4.15 మీటర్లే. తేడా 45 సెంటీమీటర్లు.

రింగ్ లోపలి వెడల్పు కూడా 45 సెంటీమీటర్లే. ఇక్కడ రింగ్ నడిమధ్యన పడే బంతి, అదే ఊపుతో టోర్నమెంట్ కోర్టులో వేస్తే రింగ్ ముందంచుకు జానెడు ఇవతల, రింగ్ తాకకుండానే దిగుతుంది. ఎయిర్ బాల్ అదే.

అది చాలదన్నట్టు రింగ్ కూడా వాలింది. ముందంచు 2.98 మీటర్లు, బోర్డు దగ్గర 3.04. ఉండాల్సింది అంతటా 3.05. బోర్డుకు బిగించిన బోల్టుల్లో పై రెండూ వదులయ్యాయి, సాయంత్రాలు వేలాడేవాళ్ల పుణ్యం. ముందంచు కిందికి వాలిందంటే రింగ్ షూట్ చేసేవాడి వైపు మొహం తిప్పినట్టు. అది చేసే మేలు ఇంతంత కాదు. కంచాన్ని కంటి ఎదుట పట్టుకుని చూడండి. నిలువుగా పై నుంచి చూస్తే గుండ్రం. పక్కకు వచ్చేకొద్దీ కోలగా, సన్నగా కనిపిస్తుంది. కిందికి దిగే బంతికి రింగ్ కూడా అలాగే కనిపిస్తుంది. 45 డిగ్రీల వాలుతో దిగే బంతికి రింగ్ నోరు సుమారు 32 సెంటీమీటర్లు. 30 డిగ్రీలైతే 22న్నర. బంతి అడ్డుకొలత సుమారు 24. అంటే అంత చదునుగా వచ్చే బంతి అంచు తగలకుండా లోపలికి పోవడం అసాధ్యం. వాలిన రింగ్ ఆ కోణాన్ని ఏడెనిమిది డిగ్రీలు పెంచి పెడుతుంది. పిల్లాడి షాట్ చదునైనదే. ఇంటి రింగ్ నోరు తెరిచి పట్టుకుంటోంది, బయటి రింగ్ పట్టుకోదు.

నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ ఇంజినీర్లు కంప్యూటర్ మీద లక్షల ఫ్రీ త్రోలు వేయించి చెప్పింది: చెయ్యి వదిలేటప్పుడు 52 డిగ్రీలు, సెకనుకు 3 చుట్లు వెనక్కి తిరగాలి, గురి రింగ్ నడిమధ్యకు కాక కాస్త వెనకంచు వైపు. అది ఏడడుగుల ఎత్తు నుంచి బంతి వదిలే పొడగరి లెక్క. అయిదున్నర అడుగుల పిల్లాడికి ఇంకొంచెం పైకే లేవాలి. కోర్టు మీద కోణమానిని ఎవరూ పట్టుకు తిరగరు. దానికి గుర్తు ఒక్కటే. బంతి గాలిలో ఎత్తుకు చేరినప్పుడు బోర్డు పై అంచు కంటే బాగా కిందే ఉంటే షాట్ చదును. పక్కన నిలబడి చూసేవాడికి వెంటనే తెలుస్తుంది.

సుద్దతో 4.60 దగ్గర కొత్త గీత గీశాం. పిల్లాడు నేరుగా అక్కడ నిలబడి వేయబోయాడు. వద్దన్నాం. దూరం ఒక్కసారిగా పెరిగితే శరీరం దొంగదారి వెతుక్కుంటుంది. బంతి తల వెనక్కి పోతుంది, మోచెయ్యి పక్కకు తెరుచుకుంటుంది, ఛాతీతో నెట్టుడు మొదలవుతుంది. నిన్నటిదాకా బాగున్న చెయ్యి వారంలో పాడవుతుంది. అందుకని పాత గీత నుంచి అర అడుగు వెనక్కి. అక్కడ పదికి ఏడు పడితే ఇంకో అర అడుగు. వరసగా రెండు షార్ట్ పడితే మళ్లీ ముందుకు. మూడు మెట్లలో కొత్త గీత వస్తుంది.

అదనపు దూరం చేతిలోంచి రాకూడదు, మోకాళ్లలోంచి రావాలి. మోకాళ్లు వంగి లేచే ఊపు ఆగకముందే బంతి చెయ్యి దాటాలి. చాలామంది లేచి, నిటారుగా ఆగి, అప్పుడు వేస్తారు. కాళ్లు ఇచ్చిన బలం ఆ ఆగడంలో నేలపాలు. ఫ్రీ త్రోకు ఎగరక్కర్లేదు, మడమలు లేస్తే చాలు. అలసిన కాళ్లు వంగవు, అందుకే చివరిదైన నాలుగో క్వార్టర్‌లో అందరికీ షార్టే పడుతుంది.

ఇంకో మాట. ఒకే చోట నిలబడి వరసగా యాభై ఫ్రీ త్రోలు వేస్తే చివరి ముప్ఫై బాగా పడతాయి, లోపల గర్వంగా ఉంటుంది. మ్యాచ్‌లో ఎవరూ వరసగా యాభై ఇవ్వరు. రెండు ఇస్తారు, అదీ ఎగశ్వాస మీద, రిఫరీ బంతి ఇచ్చాక అయిదు సెకన్లలోపు. కాబట్టి రెండేసి వేయాలి, మధ్యలో కోర్టు ఆ చివరికి పోయి రావాలి. ఇవాళ నేల తడి కాబట్టి పది గుంజీలు. రెండు డ్రిబుల్స్ (బంతిని నేలకు కొట్టడం), ఒక ఊపిరి వదలడం, వెనకంచు మీద చూపు, షాట్. ప్రతిసారీ అదే వరస. గుంజీలు అనగానే పాప నవ్వింది. ఇక్కడ శిక్ష కాదమ్మా అని చెప్పినా నవ్వుతూనే ఉంది.

గుంజీల తర్వాత పిల్లాడు మోకాలి చిప్ప కింద బుడిపె దగ్గర రుద్దుకున్నాడు. ఎదిగే వయసులో సిమెంటు మీద ఎక్కువ ఎగిరేవాళ్లకు ఇది మామూలే, కానీ నొప్పిని నొక్కిపెట్టి ఎగరడం మామూలు కాకూడదు. వారం పాటు ఎగిరి వేసే షాట్లు మానేసి నిలబడి వేసే షాట్లు, ఎడమచేతి డ్రిబుల్ చూసుకోమన్నాం. గుంజీలు కూడా మాన్పించి, బదులుగా కోర్టు చుట్టూ ఒక నడక. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఎడమచేతి డ్రిబుల్‌కు మోకాలి కంటే ఎత్తు బంతి లేవకూడదు, కళ్లు రింగ్ మీద. అంతకుమించి చెప్పేదేమీ లేదు, చేసేదే ఉంది.

రింగ్ బోల్టులు తిప్పి చూశాం, తుప్పు పట్టి కదల్లేదు. నూనె వేసి వదిలేశాం, రేపు స్పానర్‌తో మళ్లీ చూడాలి. పై రెండూ బిగిస్తే ప్లేటు బోర్డుకు ఆనుకుని ముందంచు దానంతటదే లేస్తుంది. ఇనుప చెయ్యి పొడుగును మాత్రం ఎవరం ఏం చేయలేం. గీతే జరపాలి.

తొమ్మిదింటికి డప్పులు దగ్గరికొచ్చాయి. పాపను వాళ్లమ్మ గేటు దగ్గర్నుంచి పిలిచింది. పిల్లాడు పోయేముందు కొత్త గీత నుంచి రెండేసి చొప్పున ఇరవై పూర్తి చేశాడు. నోట్‌బుక్‌లో రాసింది ఇది: పడినవి 9, షార్ట్ 8, ఎడమ 2, లాంగ్ 1.

మధ్యాహ్నం మళ్లీ వాన. సుద్ద గీత కొట్టుకుపోయింది. రేపు టేపు, దారం, తాళంచెవి, ఒక చిన్న డబ్బా తెల్ల పెయింటు.